రాజీనామా అంటే

జూన్ 3, సోమవారం

మా ఉడత పిల్లకి మీ అత్త దీవించి, దిగులుపడి రాసేది –

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడానికి మొహమాటంగా ఉంది, నాలుగే నాలుగు లైన్లు. అందులో మూడు నా భుజం గురించే. నీ గురించి ఒక్క మాట, బాగున్నాను అని. బాగున్నవాళ్ళు అంత పొదుపుగా రాయరు. అక్షరాలు కూడా ఎప్పుడూ లేనిది ఒకపక్కకి ఒరిగిపోయి, గాలికి పడబోతున్న కంచెలా ఉన్నాయి. మా తమ్ముడు, అదే మీ నాన్న, పోయి నువ్వు నా దగ్గరికి వచ్చాక నీ చేత పలక మీద గుండ్రంగా దిద్దించినదాన్ని నేను. నేను చదివింది నాలుగో తరగతే అయినా, అక్షరం ఎప్పుడు నీరసపడిందో నాకు తెలుస్తుంది.

ఫోన్ చేస్తే ఎత్తమని రాశావు. ఫోన్‌లో నాకు సగమే వినపడుతుంది. మిగతా సగం నేనే భయపడి పూరించుకుంటాను. ఆమధ్య నువ్వు పడుకుంటున్నా అన్నదాన్ని పడిపోతున్నా అని విని, పక్కింటి టీచరమ్మని కేకేసి వీధంతా ఏకం చేశాను. కాగితమైతే పెట్టినచోటే ఉంటుంది. భయం వేసినప్పుడల్లా తీసి చూసుకోవచ్చు.

నా భుజం సంగతి. బాత్రూంలో జారిపడి మూడు నెలలయింది కదా, ఎముక అతుక్కుందన్నారు. ఎడమ చెయ్యి మాత్రం చెవి దాకా వచ్చి అక్కడ ఆగిపోతోంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్తున్నాను. అక్కడ నువ్వు చేసే పనే చేసే అమ్మాయి ఒకతె ఉంది. ఫిజియో ఏదో అంటారు, నాకు నోరు తిరగదు, కసరత్తు పిల్ల అంటాను. ఒక పొడుగాటి గది, నాలుగు మంచాలు, మధ్యలో ఆకుపచ్చ తెరలు. పైన కప్పీకి తాడు వేలాడుతూ ఉంటుంది. మంచి చేత్తో లాగితే చెడ్డ చెయ్యి లేస్తుంది. ఆ పిల్ల వచ్చి, పదిసార్లు చెయ్యండమ్మా అని పక్క తెరలోకి మాయమైపోతుంది. అక్కడా పదిసార్లే. నేను తొమ్మిది చేశానో పద్నాలుగు చేశానో ఆమెకి పట్టదు. మొన్న నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని ఇంత నోరు తెరిచి ఆవలించింది. కళ్ళు ఎప్పుడూ గోడ గడియారం మీదే. నేను ముప్పై ఏళ్ళు టైలరు షాపులో చొక్కాలకి కాజాలు కుట్టాను, గుండీలు కుట్టాను. ఒక్క చొక్కా మీద ఆవలించి ఎరగను. మనిషి చెయ్యి చొక్కా పాటి చెయ్యదా?

నువ్వలా చెయ్యవు కదా. చెయ్యవని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఆసుపత్రి గుమ్మం దగ్గర ఫిర్యాదుల పెట్టె ఉందట, రాసి వెయ్యమంటోంది టీచరమ్మ. రాయనా వద్దా అని వారం నుంచి ఊగుతున్నాను.

తిండి సంగతి రాయి. నిద్ర సంగతి రాయి. నీ గది కిటికీకి గడియ పెట్టించావా?

మందుకి లొంగని దిగులుతో
అత్త


జూన్ 12, బుధవారం

అత్తా,

నువ్వు అడిగిన వరసలోనే చెప్తాను. తింటున్నాను. పడుకుంటున్నాను, పడిపోవడం లేదు. గడియ పెట్టించలేదు, కిటికీని తాడుతో కట్టాను. అక్షరాలు ఒరిగాయంటే బస్సులో రాయడం వల్ల. ఇదీ బస్సులోనే. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా నీకు ఒక అక్షరం పొడుగ్గా కనిపిస్తుంది, భయపడకు.

మా దగ్గర మనిషికి ఇరవై నిమిషాలు. పదిహేను మనిషికి, ఐదు వాళ్ళ వివరాలు రాసే కాగితానికి అని మా ఇన్‌ఛార్జి ఏర్పాటు. ఆ ఐదూ ఎప్పుడూ దొరకవు. అందుకని కాగితాలు ఇంటికి తెచ్చుకుంటాను. ఇన్‌ఛార్జిది మంచి మనసే. కానీ ఆవిడకీ పైన ఒక ఇన్‌ఛార్జి ఉంటాడు, వాడికీ ఒకడు. ముగ్గురం చేసే పని ఇప్పుడు ఇద్దరం చేస్తున్నాం. మూడో అతను ఏప్రిల్‌లో మానేశాడు. అతని కుర్చీలో దుప్పట్లు పెడుతున్నారు. దుప్పట్లు అతనికంటే తిన్నగా కూర్చుంటున్నాయని నవ్వుకున్నాం.

ఒక పేషెంటు గురించి చెప్తాను, నీకు నచ్చుతాడు. బస్సు డ్రైవరు. పక్షవాతం వచ్చి కుడిచేతి గుప్పిట బిగుసుకుపోయింది. ఐదు నెలలుగా భార్య చెయ్యి పట్టుకుని వస్తున్నాడు. నన్ను కండక్టరుగారూ అంటాడు. మంచం మీద కూర్చోగానే, కండక్టరుగారూ, రైట్ చెప్పండి, బండి కదిలిద్దాం అంటాడు. గుప్పిట మాత్రం ఇంకా కదల్లేదు.

బొటనవేలు కాస్త వాచింది. దాని మీద కొన్నాళ్ళు బరువు పెట్టొద్దన్నాడు డాక్టరు. నా పనిలో అది కుదిరే మాటేనా? కట్టు కట్టుకుని తిరుగుతున్నాను. రాస్తే నువ్వు కంగారు పడతావని అనుకుంటూనే రాసేశాను.

మీ కసరత్తు పిల్ల ఆవలించిందంటే నిద్ర చాలదేమో. ఒకసారి అడిగి చూడు.

నేను దిగాల్సిన చోటు వచ్చింది.

నీ
ఉడత


జూన్ 20, గురువారం

ఏమే ఉడతా, ఏం చేసుకున్నావే కాలిని –

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకుండా ఉన్నాను. బరువు పెట్టొద్దన్న వేలి మీద రోజంతా నిలబడి పని చేస్తున్నావా? గడపకి కొట్టుకున్నావా, బస్సులో ఎవరైనా తొక్కారా? కోపంలో మంచాన్ని గానీ తన్నలేదు కదా. చిన్నప్పుడు జడ బిగించి వేస్తే నా కుట్టుపెట్టెని తన్నినదానివి, నీ మీద నాకు ఆ నమ్మకం లేదు.

వెంటనే చెప్పుల షాపుకి వెళ్ళాను. కాలి బొటనవేలు వాచినవాళ్ళకి ఏమున్నాయి అంటే, ముందు తెరిచి ఉన్నవి, మెత్తటి అట్టవి చూపించాడు. నీ కొలత తెలీదు. నా కాలికంటే వేలెడు పెద్దది ఇమ్మన్నాను. వాపు కదా అని ఇంకో వేలు కలిపాను. అతను నవ్వి, అమ్మా ఇది చెప్పా, పడవా అన్నాడు. నవ్వనీ. పార్సెల్ చేశాను. అవి తొడుక్కునే పనికి వెళ్ళు, ఎవరేమన్నా మా అత్త చెప్పిందని చెప్పు. ఒక తెల్లకాగితం మీద కాలు పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపిస్తే, వాపు ఎంతుందో నా కళ్ళతో చూసుకుంటాను.

ఇంకో సంగతి. ఆ ఫిర్యాదు రాసి పెట్టెలో వేశాను. నా జన్మలో ఒక ఆఫీసుకి రాసిన మొదటి కాగితం. మూడు కాగితాలు పాడుచేసి నాలుగోదాని మీద కుదిరింది. ఏం రాశానంటే, ఈ అమ్మాయికి చేతులు మా మీద, మనసు గడియారం మీద ఉంటాయి, మేము మనుషులమని ఆమెకి ఎవరైనా చెప్పండి అని. టీచరమ్మ చదివి, ఒక్క తప్పు లేదు, గట్టిగా ఉంది అంది. నాకు కాస్త గర్వంగానే అనిపించింది. నువ్వు ఆమెని నిద్ర సంగతి అడగమన్నావు. నీ ఉత్తరం వచ్చేసరికే వేసేశాను. వేశాక అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను.

నిన్న వెళ్తే ఆ పిల్ల లేదు. ఎవరో మగమనిషి ఉన్నాడు. ఆమెని ఆఫీసులోకి పిలిచి మాట్లాడారట. ముందు సంతోషం వేసింది. ఇంటికొస్తుంటే దారిలోనే అది భయమైపోయింది. నావల్లే అంటావా?

నీ కాలు కాచుకుని కూర్చున్న
అత్త


జూలై 1, సోమవారం

అత్తా,

చెప్పులు అందాయి. నా రెండు కాళ్ళూ ఒకే చెప్పులో పడతాయి. నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలేదు.

అది కాలి బొటనవేలు కాదు, చేతిది. కుడిచేతిది. నేను మనుషుల వీపులూ భుజాలూ నొక్కేది దాంతోనే. బరువు పెట్టొద్దన్నది దాని మీదే. అక్షరాలు ఒరిగింది కూడా బస్సు వల్ల కాదు, దానివల్లే. పెన్ను మధ్యవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించి రాస్తున్నాను. నీకు సగం చెప్పి సగం దాచితే నువ్వు చెప్పుల షాపుకి వెళ్ళావు. తప్పు నాదే.

కానీ రెండో సంగతికి మాత్రం నాకు కోపం వచ్చింది. దాచను.

నీ ఉత్తరం వచ్చిన రోజే మా ఇన్‌ఛార్జి నన్ను పిలిచింది. ఒక పెద్దావిడ, భుజం పేషెంటు, అచ్చం నీలాగే, నా మీద కాగితం రాసింది. నా చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది, నేను నొప్పి అన్నా వినిపించుకోలేదు అని. ఇన్‌ఛార్జి పైకి చదివింది. చదవడం అయ్యాక, నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. ఇంటికొచ్చి నీ ఉత్తరం విప్పితే అందులోనూ అదే. రెండు కాగితాలూ నువ్వే రాసినట్టు అనిపించింది అత్తా. నువ్వు నా ఒక్కదాని మీద తప్ప లోకంలో అందరి మీదా ఫిర్యాదు రాస్తావనుకున్నాను. నేనూ ఆ అందరిలో ఉన్నానని నీకెలా తెలుస్తుంది?

డ్రైవరు గుప్పిట విచ్చుకుంది. పోయిన మంగళవారం. ముందు చూపుడువేలు, తర్వాత మిగతావి, పువ్వులాగా అనను, తుప్పుపట్టిన గొళ్ళెంలాగా, ఒక్కొక్కటే. ఆయన భార్య నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనేం చేశానో తెలుసా? గడియారం చూశాను. ఇంకా ఆరు నిమిషాలున్నాయి, ఈ ఆరు నిమిషాల్లో రెండు కాగితాలు పూర్తి చేసుకోవచ్చు అనుకున్నాను. అది తప్ప నా లోపల ఏమీ లేదు. ఐదు నెలలు ఆ గుప్పిట కోసం పనిచేసినదాన్ని. నాకు ఏడుపు రావాలి, నవ్వు రావాలి, ఏదో ఒకటి రావాలి కదా. ఈమధ్య ఎవరైనా నొప్పి అంటే చెవి దాకా వస్తోంది గానీ లోపలికి పోవడం లేదు.

రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. వారమయింది. ఇవ్వాలా వద్దా అన్నది తేలడం లేదు. నువ్వేమంటావో తెలుసు కాబట్టి అడగడం లేదు, చెప్తున్నాను అంతే.

కోడలు


జూలై 6, శనివారం

నా తల్లీ,

కోడలు అని సంతకం పెట్టావు. ఉడత అని పెట్టలేదు. అది చూశాకే మిగతాది చదివాను.

చేతి వేలని నాకు తట్టకపోవడం ఏమిటి? వేలితో బతికినదాన్ని. ముప్పై ఏళ్ళు సూది తోసిన నా వేలి మీద ఈరోజుకీ గుంట ఉంది. ఆ చెప్పులు ఎవరికైనా ఇచ్చెయ్యి. ఆ డాక్టరు చెప్పినట్టు విను, వేడినీళ్ళలో ముంచు. కాదు, వేడా చల్లటిదా అన్నది నీకే తెలుస్తుంది, నీకు నేను చెప్పడమేంటి.

కసరత్తు పిల్ల గురించి నువ్వన్న మాట రెండుసార్లు చదివాను. నీ ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. తల పెట్టినప్పుడల్లా గుచ్చుకుంటోంది.

కానీ ఒక్క మాట చదివి గుండె మీద బరువు దిగింది. రాజీనామా రాశానన్నావు చూడు, అది. నాకు చెప్పకుండా ఎంత మంచి పని చేశావే. నేనేమంటానో తెలుసన్నావు. నేను కాదంటానని ఎలా అనుకున్నావు? ఇవ్వాలా వద్దా అని ఊగకు, ఇచ్చెయ్యి. సంచిలో పెట్టుకు తిరిగితే నలిగిపోవడం తప్ప ఒరిగేది ఏముంది? వాళ్ళు ముందు పిలుస్తారని చూడకు. నువ్వే వెళ్ళి ఇచ్చేస్తే పెద్ద మనసు నీదవుతుంది. ఇచ్చాక రాత్రి హాయిగా నిద్ర పడుతుంది, చూడు. ఎవరేమన్నా నేను నీ పక్కనే.

రేపే ఇవ్వు. రేపు ఆదివారం కదా, సోమవారం ఇవ్వు.

అత్త


జూలై 15, సోమవారం

అత్తా, మా అత్తా,

శుక్రవారం ఇచ్చేశాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు లబలబలాడతావనుకున్నాను. గడియ లేని కిటికీకే నిద్రపోనిదానివి, ఉద్యోగం వదిలేస్తానంటే ఏమైపోతావో అని రెండు వారాలు ఆ కాగితాన్ని మోశాను. నువ్వేమో ఇచ్చెయ్యి అన్నావు, సంచిలో నలిగిపోతుంది అన్నావు. చదువుతూ బస్టాపులోనే ఏడ్చాను. ఎన్ని నెలల తర్వాతో. ఏడుపు వచ్చినందుకు ఎంత సంతోషం వేసిందంటే, వచ్చిన బస్సు ఎక్కకుండా కూర్చుని పూర్తిగా ఏడ్చాను.

ఇన్‌ఛార్జి కాగితం చదివి కళ్ళజోడు తీసింది. నువ్వు కూడానా అంది, అంతే. నిబంధన ప్రకారం ఇంకో నెల చెయ్యాలి, ఆగస్టు పన్నెండు ఆఖరి రోజు. ఆ తర్వాత ఏమిటని అడిగింది. తెలీదన్నాను. ఆ తెలీదు అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆదివారం పది గంటలు నిద్రపోయాను. కల కూడా రాలేదు.

ముందు నీ దగ్గరికి వస్తాను, నీకు అభ్యంతరం లేకపోతే. నీ భుజం నేను చూస్తాను, ఎడమచేత్తో. ఆపైన ఏం చెయ్యాలో ఆపైన.

మీ దగ్గర ఆ పిల్ల ఏమైంది? కనుక్కో అత్తా. కోపంతో అడగడం లేదు.

నువ్వు అలా రాయకపోతే నేను ఇచ్చేదాన్ని కాదు. అది నీకు తెలియాలి.

నీ ఉడత


జూలై 21, ఆదివారం

ఉడతా,

కూర్చోలేక కాగితం గోడకి ఆనించి పెట్టుకున్నాను. వేలు బాగాలేని నీకంటే వంకరగా రాస్తున్నాను.

నీ ఉత్తరం మొదటి లైను చదవగానే మిగతాది దాచుకుని, సంతోషం పట్టలేక టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాను. మా ఉడత రాజీనామా ఇచ్చేసిందండీ అన్నాను. ఆవిడ నవ్వుతుందనుకుంటే, అయ్యో, ఇప్పుడెలాగండీ అంది. ఎలాగేమిటి, గొడవ తీరిపోయింది కదా అన్నాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అప్పుడు చెప్పింది.

నేను రాజీనామా అంటే రాజీ కాగితం అనుకున్నాను. మా టైలరు మాస్టారికీ ఆయన తమ్ముడికీ షాపు గోడ మీద తగువొస్తే, పెద్దమనుషులు కూర్చుని ఒక కాగితం రాయించారు. రాజీ అయింది అన్నారు. అదే ఇది అనుకున్నాను. నీ మీద ఎవరో ఫిర్యాదు రాశారు, ఇన్‌ఛార్జి పిలిచింది, నువ్వు తగ్గి రాజీకొచ్చి కాగితం రాశావు, ఇవ్వడానికి బింకం అడ్డొస్తోంది అనుకున్నాను. పెద్ద మనసు నీదవుతుందని అందుకు రాశాను. రేడియోలో ఫలానా మంత్రి రాజీనామా చేశాడని వింటే, పోనీలే సర్దుకున్నారు పాపం అని సంతోషించేదాన్ని ఇన్నేళ్ళూ. టీచరమ్మ దీనికి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఉద్యోగం మానెయ్యమని నేనెలా చెప్తానే? చదివిన చదువంతా ఏమవుతుంది? రేపు ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే ఏం చెప్తావు? ఒంటరిదానివి, నేను ఎన్నాళ్ళుంటాను? వెనక్కి తీసుకో. మా అత్తకి మాట తెలియక చెప్పింది, మా అత్త చదువుకోలేదు అని చెప్పు, తప్పంతా నా మీద వెయ్యి. కావాలంటే నేనే మీ ఇన్‌ఛార్జికి రాస్తాను. ఆఫీసుకి రాయడం నాకు అలవాటైంది కదా, ఆ పాపం ఎలాగూ చేశాను.

వెంటనే జవాబు రాయి.

అత్త


జూలై 26, శుక్రవారం

అత్తా,

మొదటిసారి చదివి నవ్వాను. రెండోసారి చదివాక, నన్ను ఏడిపించిన ఉత్తరం నువ్వు రాసింది కాదని అర్థమైంది. నువ్వు రాసింది వేరే ఎవరికో. ఆఫీసుతో రాజీ పడిన ఒక బుద్ధిమంతురాలికి.

నీ మీద కోపం లేదు. రెండు వారాలు నా వెనక ఒక గోడ ఉన్నట్టు ఉండేది, అది లేదని తెలిసింది, అంతే. నిన్న రాత్రి మళ్ళీ నిద్ర పట్టలేదు.

ఇన్‌ఛార్జి నిన్న చెప్పింది. కాగితం ఇంకా పైకి పంపలేదట. ఆగస్టు ఐదు దాకా తన సొరుగులోనే ఉంచుతుందట. వచ్చి అడిగితే నా ముందే చింపేస్తానంది. నన్ను ఉంచుకోవాలనే అంటోంది, మంచికే. డ్రైవరు కూడా ఎవరి ద్వారానో విన్నాడు, కండక్టరు దిగిపోతే బండెలా అన్నాడు.

నాకు నేనుగా తేల్చుకునే ఓపిక లేదు. నిజంగా లేదు. పొద్దున్న ఏ చొక్కా వేసుకోవాలో తేలక అద్దం ముందు నిలబడిపోతున్నాను. కాబట్టి నువ్వే చెప్పు. వెనక్కి తీసుకోమంటే తీసుకుంటాను. కానీ ఈసారి మాటకి అర్థం తెలిసి చెప్పు. నన్ను చూసి చెప్పు, ఇరుగుపొరుగుని చూసి కాదు.

ఐదో తారీఖు లోపల నీ కాగితం రావాలి.

ఉడత


జూలై 31, బుధవారం

ఉడతా,

నీ ఉత్తరం నిన్న పొద్దున్నే వచ్చింది. నాలుగైదుసార్లు రాయడానికి కూర్చుని లేచాను. వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానో మర్చిపోయాను. ఇక ఇంట్లో ఉండలేక ఆసుపత్రికి వెళ్ళాను. నా కసరత్తు రోజు కాదు, అయినా వెళ్ళాను.

ఆ పిల్ల ఉంది. కింద, పాత కాగితాలు పెట్టే గదిలో. చిన్న కిటికీ, లోపల కొండలా ఫైళ్ళు, ఆమె ఒక్కతే కూర్చుని ముద్రలు వేస్తోంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, అమ్మాయ్, ఆ కాగితం రాసింది నేనే అన్నాను.

"తెలుసమ్మా. కింద సంతకం పెట్టారుగా."

సంతకం పెట్టడం కొత్త కదా, ముద్దుగా, పెద్దగా పెట్టాను. అది గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. వెనక్కి తీసుకుంటాను, ఎవరికి చెప్పాలో చెప్పమన్నాను. ముద్ర వెయ్యడం ఆపింది.

"తీసుకోకండి. కొన్నాళ్ళు వేరే పని ఇవ్వమని ఏడాది నుంచి అడుగుతున్నాను. నేను అడిగితే ఇవ్వలేదు. మీరు తిడితే ఇచ్చారు."

నవ్వుతూ అనలేదు, ఏడుస్తూ అనలేదు. టైము ఎంత అని అడిగితే చెప్పినట్టు చెప్పింది. మళ్ళీ మా గదికి వస్తావా అని అడిగాను.

"వస్తానేమో. ఇప్పుడే అడక్కండమ్మా."

అంతే. మళ్ళీ ముద్రలు వేసుకుంటోంది. నా వెనక ఇంకెవరో వచ్చారు, పక్కకి జరిగాను. దారిలో బెంచీ మీద కూర్చుండిపోయాను. నీ వయసే ఉంటుంది. రెండు నెలలు ఆమె నా చెయ్యి పట్టుకుంది, నేను ఒక్కసారి కూడా ఆమె మొహం చూడలేదు. ఆవలింత చూశాను.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. షాపులో కాజాల మిషను వచ్చి నన్ను మాన్పించారని అందరికీ చెప్పాను, నీకూ చెప్పాను. మిషను వచ్చింది నేను మానేసిన మరుసటి ఏడు. ఆ ఏడు బళ్ళు తెరిచే ముందు మగపిల్లల చొక్కాలు గుట్టలు గుట్టలుగా వచ్చాయి. పొద్దున్నించి చీకటిపడే దాకా కాజాలే. ఒకరోజు ముప్పై ఆరు చొక్కాలకి కుడిపక్కన కోసేశాను. ఎడమపక్కన కొయ్యాలి, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కోసిన కాజా అతకదు, ముప్పై ఆరూ పోయినట్టే. నేను ఆ గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాను. అయ్యో అనిపించలేదు. సిగ్గు కూడా వెయ్యలేదు. ఏమీ అనిపించలేదు, నువ్వు రాశావు చూడు, అలాగ. అది చూసుకుని భయమేసింది. సూదుల డబ్బా మూసి ఇంటికొచ్చేశాను, మళ్ళీ వెళ్ళలేదు. సిగ్గు తర్వాత వచ్చింది. అది వచ్చాక మిషను మీదకి నెట్టాను. ఒక్క చొక్కా మీద ఆవలించి ఎరగనని నీకు గొప్పగా రాశాను కదా. ఆవలించని మాట నిజమే. పాడుచేశాను.

డ్రైవరు గుప్పిట సంగతి నువ్వు రాసినప్పుడే ఆ చొక్కాలు నా కళ్ళముందుకొచ్చాయి. తోసేశాను. నువ్వు చదువుకున్నదానివి, నీది వేరు అనుకున్నాను.

ఇచ్చెయ్యి అన్నది తెలియక అన్నాను. వెనక్కి తీసుకో అన్నది భయపడి అన్నాను. ఇప్పుడు చెప్పేది మాటకి అర్థం టీచరమ్మ చేత రెండుసార్లు చెప్పించుకుని, నిన్ను తలుచుకుని చెప్తున్నాను. తీసుకోకు. సొరుగులో ఉన్నది పైకి పంపించెయ్యమను. డ్రైవరుకి చెప్పు, గుప్పిట తెరిచింది నువ్వే గానీ బండి నడిపేది ఆయనేనని. ముందుముందు ఆ పనికే మళ్ళీ వెళ్తావో, ఇంకోటి చేస్తావో, ఏదీ చెయ్యవో, నేను అడగను. అడిగితే జవాబు చెప్పకు.

నా భయం పోయిందనుకునేవు. ఎక్కడికీ పోలేదు. ఇది రాస్తుంటే కూడా, నీ ఒంటికి ఏమవుతుందో, నీకు గది అద్దెకిచ్చినవాళ్ళు ఏమంటారో, నువ్వు వచ్చే బస్సు బ్రేకులు ఎలాంటివో అన్నీ అనుకుంటూనే ఉన్నాను. అవి నేను చూసుకుంటాను. భయపడటం నా పని. దానికి నేను రాజీనామా ఇవ్వలేను, నాకు సెలవు కూడా ఉండదు. నీది నువ్వు దింపెయ్యి.

పెట్టెలో వేస్తే ఎప్పుడు తీస్తారోనని, ఈ ఉత్తరం పోస్టాఫీసుకి నేనే వెళ్ళి వాళ్ళ చేతికే ఇస్తాను. ఐదో తారీఖు లోపల చేరుతుందా అని అడిగి, చేరుతుందని వాళ్ళ చేత అనిపించుకునే దాకా కదలను.

పదమూడున రా. పొద్దుటి బస్సు కోసం గడియారం పెట్టుకుని లేవకు. ఎప్పుడు మెలకువ వస్తే అప్పుడు లే, ఎప్పుడు బయలుదేరాలనిపిస్తే అప్పుడు బయలుదేరు. నేను మాత్రం పొద్దున్నుంచే గుమ్మంలో నిలబడతాను. అది నువ్వు మాన్పించలేవు.

అత్త